పికప్ ట్రక్కుకి ఏ నంబరు పెట్రోలు?

అమెరికా గ్యాస్ స్టేషన్‌లో పంపు ముందు నిలబడితే పసుపుపచ్చ చీటీల మీద మూడు నల్లటి అంకెలు కనిపిస్తాయి: 87, 89, 93. కాలిఫోర్నియాలో అయితే చివరిది 91. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ గ్యాలన్ ధర పెరుగుతుంది. న్యూజెర్సీలో తప్ప దాదాపు అంతటా మన చేత్తో మనమే పోసుకోవాలి కాబట్టి ఏ బటన్ నొక్కాలో చెప్పే మనిషి కూడా ఉండడు. చిన్న కారుకైతే ఏది నొక్కినా బిల్లులో తేడా కొద్దిగానే ఉంటుంది. పికప్ ట్రక్కు సంగతి వేరు. ఫోర్డ్ ఎఫ్-150 కొన్ని మోడళ్ళకి 36 గ్యాలన్ల ట్యాంకు వస్తుంది, అంటే మన లెక్కలో 136 లీటర్లు. అంత ట్యాంకు నింపేటప్పుడు నొక్కే బటన్ నెల ఖర్చుని మారుస్తుంది.

మన ఊళ్ళలో పికప్ అంటే దాదాపుగా డీజిల్ బండే. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు తయారుచేసే వీ-క్రాస్ కూడా డీజిలే. అమెరికాలో మాత్రం ఇళ్ళ ముందు కనిపించే ఎఫ్-150, సిల్వరాడో, రామ్ 1500, టండ్రాలలో ఎక్కువ భాగం పెట్రోలు మీద నడుస్తాయి. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్ళలో కూడా బోటు లాగడానికో, క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకోవడానికో పికప్ కొనేవాళ్ళున్నారు. వాళ్ళని మొదట తికమక పెట్టేది 87 అనే అంకె. ఇండియాలో 20 శాతం ఇథనాల్ రాకముందే మామూలు పెట్రోలుకి 91 ఉండేది, ప్రీమియం అంటే 95, ఇండియన్ ఆయిల్ అమ్మే ఎక్స్‌పీ 100 కూడా ఉంది. అలాంటిది ఇంత పెద్ద దేశంలో, ఇంత పెద్ద ఇంజిన్‌లో 87 పోయడమేమిటన్న అనుమానం సహజం.

రెండు దేశాలూ ఒకే గుణాన్ని వేరు వేరు పద్ధతుల్లో కొలుస్తున్నాయి, అంతే. ఇండియాలో, యూరప్‌లో ప్రకటించేది రీసెర్చ్ ఆక్టేన్ నంబరు. ప్రత్యేకంగా తయారుచేసిన ఒంటి సిలిండర్ ఇంజిన్‌ని నిమిషానికి 600 చుట్లు తిప్పి ఆ పరీక్ష చేస్తారు. మోటార్ ఆక్టేన్ నంబరని ఇంకో పరీక్ష ఉంది. అందులో వేగం 900 చుట్లు, లోపలికి వెళ్ళే మిశ్రమాన్ని దాదాపు 149 డిగ్రీల సెల్సియస్‌కి వేడిచేస్తారు. పరీక్ష కఠినం కాబట్టి మార్కులు తక్కువ పడతాయి. అమెరికా చట్టం ఈ రెండింటి సగటుని పంపు మీద వేయమంటుంది. పసుపు చీటీ మీద కనిపించే (ఆర్+ఎం)/2 అర్థం అదే. అమెరికా 87 రీసెర్చ్ పద్ధతిలో 91కో 92కో వస్తుంది. 20 శాతం ఇథనాల్ రాకముందు హైదరాబాద్ బంకులో బీఎస్-6 ప్రమాణం ప్రకారం కనీసం 91 ఉండాల్సిన మామూలు పెట్రోలూ, డాలస్ బంకులోని 87 రెగ్యులరూ ఆక్టేన్ విషయంలో ఇంచుమించు ఒకటే.

ఇంతకీ ఆ అంకె కొలిచేదేమిటి? చాలామంది దాన్ని బలం అనుకుంటారు. గ్యాలన్ 93లో గ్యాలన్ 87 కంటే ఎక్కువ శక్తి ఉండాలన్న నియమమేదీ లేదు. ఆ అంకె కొలిచేది ఓర్పుని: ఎంత నొక్కినా, ఎంత వేడెక్కినా స్పార్క్ పడేదాకా తనంతట తాను అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు తట్టుకోగలదో అది చెబుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే గ్రేడు ఎంపికలో సగం ప్రశ్నలు తీరిపోతాయి.

సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం చేతికి వెచ్చగా తగులుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ పైకి వస్తూ గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పదో వంతుకు, పన్నెండో వంతుకు నొక్కేస్తుంది. పిస్టన్ పైకి చేరబోయే క్షణంలో ప్లగ్గు స్పార్క్ ఇస్తుంది. మంట ఆ చోటి నుంచి నాలుగు వైపులా క్రమంగా పాకాలి. పాకే మంట ముందున్న మిశ్రమాన్ని ఇంకా నొక్కుతుంది, ఇంకా వేడెక్కిస్తుంది. సిలిండర్ మూలల్లో మిగిలిన ఆ చివరి మిశ్రమం మంట వచ్చేదాకా ఆగలేకపోతే ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ పీడనపు అల సిలిండర్ గోడలకి కొట్టుకుంటే లోహం మీద సుత్తితో తట్టినట్టు చప్పుడు వస్తుంది. దీన్నే నాకింగ్ అంటారు. కొంచెం సేపైతే చప్పుడుతో పోతుంది. భారం మీద, వేడి మీద ఆగకుండా సాగితే పిస్టన్ అంచులు తినేస్తుంది, రింగులు విరుగుతాయి.

నూరేళ్ళ కిందటి ఇంజనీర్లకి ఇది పెద్ద అడ్డంకి. ఇంజిన్‌లో నొక్కుడు పెంచితే అదే పెట్రోలుతో ఎక్కువ పని వస్తుందని వాళ్ళకి తెలుసు, పెంచితే నాకింగ్. జనరల్ మోటార్స్‌లో చార్లెస్ కెటరింగ్ కింద పనిచేసిన థామస్ మిడ్గ్లీ 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ చిటికెడు కలిపితే చప్పుడు ఆగిపోతుందని కనిపెట్టాడు. 1923లో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో దాన్ని అమ్మడం మొదలైంది. 1924లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో సీసం విషానికి కార్మికులు చనిపోయారు. సీసం విషమని వైద్యులకి అప్పటికే తెలుసు. అయినా అమెరికా రోడ్ల మీద సీసం పెట్రోలు పూర్తిగా నిషిద్ధం కావడానికి 1996 దాకా పట్టింది, ఇండియాలో 2000 దాకా, ప్రపంచంలో చివరి దేశమైన అల్జీరియాలో 2021 దాకా. ఒక తరం తర్వాత ఒక తరం పిల్లలు ఆ గాలి పీల్చారు. ఇప్పుడు పంపు మీద కనిపించే అన్‌లెడెడ్ అన్న మాట ఇంత ఆలస్యంగా అందరికీ దక్కింది. ఆక్టేన్ ఎక్కడి నుంచి వస్తుందన్నది కేవలం ఇంజిన్ వ్యవహారం కాదని గుర్తుచేయడానికి ఈ చరిత్ర చెప్పాను.

కొలబద్ద కూడా ఆ కాలంలో పుట్టిందే. గ్రాహం ఎడ్గర్ అనే రసాయన శాస్త్రవేత్త 1926లో రెండు శుద్ధ పదార్థాలని ఎంచుకున్నాడు. తొందరగా అంటుకునే నార్మల్ హెప్టేన్‌కి సున్నా, మొండిగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కి నూరు. హెప్టేన్ అణువు తిన్నటి గొలుసు, వేడికి ఇట్టే తెగుతుంది. ఐసో ఆక్టేన్ కొమ్మలు కొమ్మలుగా ముడుచుకుని ఉంటుంది కాబట్టి తెగడానికి ఎక్కువ వేడి కావాలి. ఆ హెప్టేన్‌ని తొలిరోజుల్లో పశ్చిమ అమెరికా కొండల్లో పెరిగే జెఫ్రీ పైన్ అనే దేవదారు జాతి చెట్టు జిగురు నుంచి తీసేవాళ్ళు. పరీక్ష ఇంజిన్‌లో ఒక పెట్రోలు 87 పాళ్ళ ఐసో ఆక్టేన్, 13 పాళ్ళ హెప్టేన్ మిశ్రమంలా ప్రవర్తిస్తే దానికి 87 అని పేరు.

ఇక మీ ట్రక్కు దగ్గరికి వద్దాం. ఇవాళ్టి ఇంజిన్ బ్లాకు పక్కన బిగించి ఉండే నాక్ సెన్సర్ ప్రతి క్షణం ఆ చప్పుడు కోసం వింటూ ఉంటుంది. సెకనుకి ఆరేడు వేల కంపనాల దగ్గర వచ్చే ఆ మోత మన చెవికి చేరక ముందే కంప్యూటర్ గుర్తుపట్టి స్పార్క్ సమయాన్ని కొద్ది డిగ్రీలు వెనక్కి జరుపుతుంది. నాకింగ్ ఆగుతుంది. దాంతోపాటు పీడనం సరైన వేళకి పిస్టన్ మీద పడక కొంత బలం, కొంత మైలేజీ తగ్గుతాయి. అందుకే తక్కువ గ్రేడు పోసిన రోజున ఇంజిన్ పాడైపోదు, కాస్త మందగిస్తుంది. ఎక్కువ గ్రేడు పోస్తే ఏమైనా మెరుగవుతుందా అన్నది ఆ కంప్యూటర్‌కి ఆ ఓర్పుని వాడుకునే వీలు ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. 87కే సరిపడేలా చేసిన ఇంజిన్‌లో 93 పోస్తే కంప్యూటర్ దానితో చేసుకునేదేమీ ఉండదు. అమెరికా మోటారిస్టుల సంఘం ట్రిపుల్ ఏ 2016లో వేసిన అంచనా ప్రకారం, అవసరం లేని బండ్లలో ప్రీమియం పోసి అక్కడి డ్రైవర్లు ఏడాదిలో 210 కోట్ల డాలర్లు వృథా చేశారు.

కాబట్టి మొదటి పని గ్లవ్ బాక్సులోని ఓనర్స్ మాన్యువల్ తీసి ఇంధనం పేజీ చదవడం. అక్కడ వాడిన క్రియాపదాన్ని జాగ్రత్తగా చూడాలి. తప్పనిసరి అని ఉంటే అంతకు తగ్గకూడదు. సిఫారసు చేస్తున్నాం అని ఉంటే తక్కువ గ్రేడుతోనూ బండి క్షేమంగా నడుస్తుంది, పూర్తి బలం మాత్రం రాదు. సిల్వరాడో 1500లో 5.3 లీటర్ల వీ8కి రెగ్యులర్ చాలు. అదే ట్రక్కులో 6.2 లీటర్ల వీ8 ఉంటే ప్రీమియం సిఫారసు. టొయోటా టండ్రాలోని ట్విన్ టర్బో వీ6కి 87 చాలు. రామ్ 5.7 లీటర్ల హెమీకి 89 సిఫారసు చేశారు, 87 పోసినా ఒప్పుకుంటుంది. బయట ఒకే బ్యాడ్జీ ఉన్న రెండు ట్రక్కులకి రెండు జవాబులుండొచ్చు, అందుకే పక్కింటాయన ఏది పోస్తాడన్నది మీకు పనికిరాదు.

నొక్కుడు నిష్పత్తి చూసి లెక్కకడదామన్నా కుదరదు. ఎఫ్-150లోని 5.0 లీటర్ల వీ8 మిశ్రమాన్ని పన్నెండో వంతుకు నొక్కుతుంది. పాతకాలం మెకానిక్‌ని అడిగితే దానికి ప్రీమియం తప్ప వేరే దారి లేదంటాడు. ఫోర్డ్ మాత్రం 87 చాలంటుంది. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మితే అది ఆవిరవుతూ అక్కడి వేడిని పీల్చుకుంటుంది. మిశ్రమం చల్లబడుతుంది, నాకింగ్ వెనక్కి పోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ అనే ఈ పద్ధతి వచ్చాక పాత సూత్రాలు చాలా మారిపోయాయి.

ఎక్కువ ఆలోచించాల్సింది ఎఫ్-150లో 3.5 లీటర్ల ఎకోబూస్ట్ లాంటి టర్బో ఇంజిన్ ఉన్నవాళ్ళు. దాని మాన్యువల్ 87తో సరిపెట్టుకోవచ్చంటూనే, మంచి పనితీరు కావాలంటే 91 లేదా అంతకు పైది పోయమంటుంది. ఎండాకాలంలో, ట్రైలర్ లాగేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుందని కూడా అదే చెబుతుంది. టర్బో గాలిని ముందే నొక్కి లోపలికి తోస్తుంది కాబట్టి నాకింగ్ అంచు ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది. కార్ అండ్ డ్రైవర్ పత్రిక 2019లో ఇదే ఇంజిన్‌ని రెండు గ్రేడ్లతో పరీక్షించింది. 93తో గంటకి 60 మైళ్ళ వేగం అందుకోవడానికి 5.3 సెకన్లు పడితే, 87తో 5.9 సెకన్లు పట్టింది. చక్రాల దగ్గర 20 హార్స్‌పవర్ తగ్గింది.

ఇది నిజమైన తేడాయే. డబ్బుకి తగినదేనా అన్నది వేరే లెక్క. ఏడాదికి 15,000 మైళ్ళు తిరిగి, గ్యాలన్‌కి 20 మైళ్ళిచ్చే ట్రక్కుకి 750 గ్యాలన్లు కావాలి. రెగ్యులర్ 3 డాలర్లు, ప్రీమియం 3.90 అనుకుంటే అదనపు ఖర్చు 675 డాలర్లు. ప్రీమియం సిఫారసు చేసిన బండ్లని ట్రిపుల్ ఏ 2017లో పరీక్షిస్తే సగటున మైలేజీ 2.7 శాతం పెరిగింది. మన లెక్కలో ఇది దాదాపు 20 గ్యాలన్లు, అంటే 80 డాలర్ల లోపు. మైలేజీ కోసం ప్రీమియం పోయడం గిట్టుబాటు కాదు. ట్రక్కుని ఆఫీసుకీ, కాస్ట్‌కోకీ, గుడికీ మాత్రమే నడిపేవాళ్ళు ఎకోబూస్ట్ ఉన్నా 87తో నిశ్చింతగా ఉండొచ్చని నా అభిప్రాయం.

బరువు లాగేవాళ్ళకి నా సలహా వేరు. ట్రైలర్ లాగే సామర్థ్యాన్ని కొలవడానికి కంపెనీలు పాటించే జే2807 అనే ప్రమాణంలో ఒక పరీక్ష ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలవుతుంది. బుల్‌హెడ్ సిటీ నుంచి యూనియన్ పాస్ దాకా 11 మైళ్ళకు పైగా ఎక్కుడు. కింద ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్. బరువు తగిలించుకుని, ఏసీ వేసుకుని, గంటకి 40 మైళ్ళకు తగ్గకుండా ఎక్కాలి. అలాంటి ఎక్కుడులో ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో ఊహించండి: టర్బో పూర్తిగా నొక్కుతోంది, లోపలికి వచ్చే గాలి వేడి, నిమిషాల తరబడి విశ్రాంతి లేదు. నాక్ సెన్సర్ మళ్ళీ మళ్ళీ స్పార్క్‌ని వెనక్కి జరపాల్సి వస్తుంది. వెనక్కి జరిగిన స్పార్క్ వల్ల వేడి ఎగ్జాస్ట్ వైపు పెరుగుతుంది, దాన్ని చల్లార్చడానికి కంప్యూటర్ ఇంకా పెట్రోలు పోస్తుంది. ప్రీమియం డబ్బు ఇక్కడ నిజంగా పనిచేస్తుంది. ప్రయాణానికి ముందు ట్యాంకులో పాతది అడుగంటాక ప్రీమియం నింపండి, లేకపోతే మిగిలిన 87 కలిసి అంకె కిందికి లాగుతుంది. కొత్త ఇంధనాన్ని గుర్తించి స్పార్క్ సర్దుకోవడానికి కంప్యూటర్‌కి కొన్ని మైళ్ళు పడుతుంది కాబట్టి ఘాట్ రోడ్డు మొదట్లో కాకుండా ముందు ఊళ్ళోనే పోయించుకోవడం మేలు.

89 గురించి ఒక చిన్న సంగతి హెమీ ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. చాలా స్టేషన్లలో భూమి కింద 89కి వేరే ట్యాంకు ఉండదు. 87, 93 ట్యాంకులు రెండే ఉంటాయి, 89 నొక్కితే పంపే ఆ రెంటినీ కలిపి పోస్తుంది. రెండు పాళ్ళ 87కి ఒక పాలు 93 కలిపితే లెక్క సరిగ్గా 89 వస్తుంది. ధర మాత్రం ఆ లెక్కన ఉండదు. రెగ్యులర్ 3 డాలర్లు, ప్రీమియం 3.90 ఉన్నచోట మిశ్రమం విలువ 3.30. బోర్డు మీద 89 ధర 3.50 ఉంటే, 24 గ్యాలన్లలో 16 గ్యాలన్లు రెగ్యులరూ 8 గ్యాలన్లు ప్రీమియమూ వేరు వేరుగా పోసుకుంటే 4.80 డాలర్లు మిగులుతాయి. రెండుసార్లు కార్డు గీకాలి, అంతే. ప్రీమియం 91 ఉన్న ఊళ్ళో సగం సగం పోస్తే సరిపోతుంది.

పర్వత రాష్ట్రాలకి వెళ్ళినప్పుడు మాత్రం ఒక బటన్ నొక్కకండి. కొలరాడో, యూటా, వయోమింగ్ లాంటి చోట్ల రెగ్యులర్ అని రాసి 85 అమ్ముతారు. ఇది మోసం కాదు, పాత లెక్క. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున ఉంది, అక్కడ గాలి సముద్రమట్టం కంటే దాదాపు ఆరో వంతు పలచన. కార్బ్యురేటర్ రోజుల్లో సిలిండర్‌లోకి తక్కువ గాలి వెళ్ళేది, పీడనం తగ్గేది, 85 సరిపోయేది. ఇప్పటి టర్బో ఆ పలచదనాన్ని నింపేస్తుంది, ఇంజిన్‌కి తాను కొండ మీద ఉన్నానన్న తేడా పెద్దగా ఉండదు. 87 కంటే తక్కువ వద్దని మాన్యువళ్ళు స్పష్టంగానే రాస్తున్నాయి. డెన్వర్‌లో ట్యాంకు నింపుకుని ఐ-70 మీద 11,000 అడుగుల పైనున్న ఐసెన్‌హోవర్ సొరంగం దాకా ట్రైలర్ లాగేవాళ్ళు 85 జోలికి పోకూడదు. అక్కడ 87ని మధ్య బటన్ కింద అమ్ముతుంటారు, పేరు కాకుండా అంకె చూసి నొక్కాలి.

ఇథనాల్ విషయం త్వరగా ముగిస్తాను. అమెరికాలో దొరికే పెట్రోలులో చాలా భాగం పది శాతం ఇథనాల్ కలిసిందే. అన్‌లెడెడ్ 88 అని అమ్మేది 15 శాతం కలిసినది. 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకీ, చిన్న ట్రక్కులకీ ప్రభుత్వ అనుమతి ఉంది. మాన్యువల్ కూడా ఒప్పుకుంటే, ధర తగ్గితే పోసుకోవచ్చు. ఇథనాల్‌కి ఓర్పు ఎక్కువ, శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే, కాబట్టి అంకె పెరిగి మైలేజీ తగ్గుతుంది. ఇండియాలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక మనవాళ్ళు మైలేజీ గురించి చేస్తున్న ఫిర్యాదుల్లో ఉన్న రసాయన శాస్త్రం ఇదే. ఈ85 అన్న పంపుని మాత్రం ఫ్లెక్స్ ఫ్యూయల్ అని రాసి ఉన్న ట్రక్కుకి తప్ప ముట్టుకోవద్దు. ఉన్నవాళ్ళకి కూడా మైలేజీ 15 నుంచి 27 శాతం తగ్గుతుంది. ధర అంతకంటే ఎక్కువ తగ్గితేనే లాభం.

ఇప్పుడు స్టేషన్. "అన్నా, అన్ని బంకులకీ ఒకే పైపులోంచి వస్తుందంట కదా, ఎక్కడ కొట్టిస్తే ఏముంది?" అని తమ్ముళ్ళు అడుగుతుంటారు. సగం నిజం. హ్యూస్టన్ నుంచి న్యూయార్క్ రేవు దాకా సాగే కలోనియల్ పైప్‌లైన్ పొడవు శాఖలన్నీ కలిపి దాదాపు 5,500 మైళ్ళు. అందులో వేరు వేరు కంపెనీల పెట్రోలు ఒకదాని వెనక ఒకటి మనిషి నడక వేగంతో కదులుతుంది, చివరిదాకా చేరడానికి రెండున్నర వారాలు పడుతుంది. మధ్యలో అడ్డుగోడలేవీ ఉండవు. ఒక కంపెనీ పోసిన గ్యాలనే అవతల ఆ కంపెనీకి అందుతుందన్న హామీ లేదు, ప్రమాణం ఒకటే కాబట్టి అవసరమూ లేదు. ఇక్కడి వరకు అన్నీ ఒకటే.

తేడా టెర్మినల్‌లో పుడుతుంది. ఊరి బయట పెద్ద పెద్ద ట్యాంకులున్న చోట టాంకర్ లారీ వచ్చి గొట్టం తగిలించుకుంటుంది. నీటిని పీల్చుకుంటుందని పైప్‌లైన్‌లో పంపని ఇథనాల్‌ని అక్కడే కలుపుతారు. ఆ లారీ ఏ బ్రాండుకి వెళ్తుందో దాన్నిబట్టి ఆ బ్రాండు డిటర్జెంట్ రసాయనాన్ని కూడా ఆ గొట్టంలోకే చిమ్ముతారు. ఎనిమిది తొమ్మిది వేల గ్యాలన్ల లారీలో ఆ రసాయనం పాలు చాలా తక్కువ, పని మాత్రం పెద్దది. ఇంజెక్టర్ మొనల మీద, వాల్వుల మీద పేరుకునే నల్లటి జిడ్డు మసిని అది కడుగుతుంది.

డిటర్జెంట్ ఎంతో కొంత కలపాలని అమెరికా పర్యావరణ సంస్థ 1990లలోనే నియమం పెట్టింది. ఆ మోతాదు చాలదని బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టొయోటా కలిసి 2004లో టాప్ టియర్ అనే కఠినమైన ప్రమాణం తెచ్చాయి. ట్రిపుల్ ఏ 2016లో పరీక్షిస్తే, 4,000 మైళ్ళకి సమానమైన పరుగు తర్వాత టాప్ టియర్ కాని పెట్రోలు 19 రెట్లు ఎక్కువ మసి మిగిల్చింది. రెండింటి మధ్య ధర తేడా ఆ సర్వేలో గ్యాలన్‌కి సగటున మూడు సెంట్లు. స్టేషన్ ఎంచుకోవడంలో నేను అన్నిటికంటే పైన పెట్టేది ఈ ఒక్క గుర్తునే. షెల్, షెవ్రాన్, ఎక్సాన్, మొబిల్, కాస్ట్‌కో వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. కాస్ట్‌కో పెట్రోలు చవక కాబట్టి నాసిరకమని అనుకునేవాళ్ళు నిశ్చింతగా పోయించుకోవచ్చు.

ఇక్కడే ఇంకో అపోహ తొలగాలి. ఇంజిన్ శుభ్రం కావడానికి నెలకోసారి ప్రీమియం పోయాలనే మాట చాలా ఇళ్ళలో వింటాం. టాప్ టియర్ నియమం ప్రకారం ఆ స్టేషన్ అమ్మే ప్రతి గ్రేడులోనూ సరిపడా డిటర్జెంట్ ఉండాలి, 87లో కూడా. కొన్ని బ్రాండ్లు ప్రీమియంలో ఇంకొంచెం ఎక్కువ వేస్తాయి. ఊరూ పేరూ లేని చోట 93 పోయించే కంటే మంచి బ్రాండు 87 మీ ఇంజిన్‌ని శుభ్రంగా ఉంచుతుంది. ఒక పరిమితి మాత్రం ఉంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పారదు, నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. అందువల్ల ఎంత మంచి డిటర్జెంటైనా ఆ వాల్వుల వెనక మసిని తాకలేదు. ఫోర్డ్ తన 3.5 ఎకోబూస్ట్‌కి 2017 నుంచి, వాల్వుల ముందే చిమ్మే పాత పోర్టు ఇంజెక్టర్లని కూడా మళ్ళీ జత చేసింది; 5.0కి 2018లో డైరెక్ట్ ఇంజెక్షన్ తెచ్చినా పోర్టు ఇంజెక్టర్లని అలాగే ఉంచింది. ఆ ట్రక్కుల్లో డిటర్జెంట్ వాల్వుల దాకా చేరుతుంది.

రసాయనం బాగుంటే చాలదు, భూమి కింద ట్యాంకు బాగుండాలి. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులోకి నీళ్ళు ఎక్కువగా చేరితే ఇథనాల్ ఆ నీటిని పట్టుకుని విడిపోయి అడుక్కి దిగుతుంది. పైన మిగిలిన పెట్రోలుకి ఇథనాల్‌తో వచ్చిన ఆక్టేన్ పోతుంది. కింది పొర మీ ట్యాంకులోకి వస్తే బండి నాలుగు మైళ్ళు కూడా వెళ్ళదు. రద్దీ ఉండే స్టేషన్‌లో సరుకు ఎప్పటికప్పుడు తిరిగిపోతుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. పల్లె దారిలో ఎవరూ ఆగని చోట, అందులోనూ అమ్మకం తక్కువుండే ప్రీమియం ట్యాంకు నుంచి పోయించేటప్పుడు కాస్త ఆలోచించాలి. పంపు వేగం కూడా ఒక సూచన. చట్టం నిమిషానికి పది గ్యాలన్ల దాకా అనుమతిస్తుంది. పక్కన ఎవరూ లేకపోయినా మూడు నాలుగు గ్యాలన్లకి మించి రావడం లేదంటే ఫిల్టర్ మూసుకుపోతున్నట్టు. అలాంటి చోట పది గ్యాలన్లతో ఆపేసి ముందుకి సాగడం మంచిది. టాంకర్ సరుకు దింపుతున్నప్పుడు పోయించకూడదనే మాటకి మాత్రం ఇప్పుడు బలం తక్కువ, పంపు ఫిల్టర్లు ఆ చెత్తని ఆపుతాయి. తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ పెట్రోలు వస్తుందన్న నమ్మకం మన దగ్గరా ఉంది, అక్కడా ఉంది. భూమి లోపలి ట్యాంకు వేడి పగలూ రాత్రీ అంతగా మారదు, నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

కొలత మీద అనుమానం వస్తే ఏం చేయాలి? మన బంకుల్లో కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటాడు, అడిగితే అయిదు లీటర్ల కొలపాత్రలో పోసి చూపించాలి, 25 మిల్లీలీటర్ల దాకా తేడాని ఒప్పుకుంటారు. అమెరికాలో తనిఖీ అధికారి అయిదు గ్యాలన్ల పాత్ర తెస్తాడు, ఆరు ఘనపు అంగుళాల దాకా ఒప్పుకుంటాడు. లెక్క వేస్తే రెండు చోట్లా అర శాతమే. పంపు మీద తనిఖీ స్టిక్కరు, దాని మీద ఫిర్యాదు నంబరు ఉంటాయి. పోయించిన వెంటనే బండి దగ్గుతూ ఆగిపోతే ఆ రసీదు పారేయకండి. ట్యాంకులోంచి తీసిన నమూనాని మెకానిక్ సీసాలో పట్టి ఉంచితే, ఫిర్యాదుకి అవి రెండే ఆధారాలు.

ఇంట్లో హెవీ డ్యూటీ డీజిల్ ట్రక్కు కూడా ఉన్నవాళ్ళకి చివరిగా ఒక హెచ్చరిక. డీజిల్ హ్యాండిల్ చాలాచోట్ల ఆకుపచ్చగా ఉంటుంది, కానీ బీపీ స్టేషన్లలో పెట్రోలు హ్యాండిలే ఆకుపచ్చ. రంగుకి చట్టం లేదు, అక్షరాలు చదవాలి. పెట్రోలు నాజిల్ సన్నం కాబట్టి డీజిల్ ట్యాంకు మూతిలో సులువుగా దూరుతుంది. డీజిల్ ఇంజిన్‌లోని అధిక పీడన పంపుకి డీజిలే నూనె. పెట్రోలు వెళ్తే లోపల లోహం లోహానికి రాసుకుని పొడి రాలుతుంది, ఆ పొడి ఇంజెక్టర్ల దాకా పోతుంది, రిపేరు వేల డాలర్లు. పొరపాటున పోసినట్టు పంపు దగ్గరే గ్రహిస్తే తాళం తిప్పకండి. తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు పని మొదలుపెట్టొచ్చు. బండిని న్యూట్రల్‌లో పక్కకి తోయించి, టో ట్రక్కు పిలిచి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించాకే స్టార్ట్ చేయండి.